బాణం వదిలిన తర్వాతి పేరా

పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసి బతికానంటే ఇప్పటివాళ్లు నమ్మరు. సింగపూర్‌లో పదిహేనేళ్లు నేను చేసిన ఉద్యోగంలో ముప్పాతిక వంతు అదే. మిగిలిన పావు వంతు ప్రూఫులు దిద్దడం, ఫొటోల కింద వ్యాఖ్యలు రాయడం, మా యజమాని టాన్‌తో వాదించడం.

అంతకుముందు విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పన్నెండేళ్లు ఉన్నాను. క్రీడల పేజీ చూసేవాణ్ణి. ఆ ఊళ్లో విలువిద్య నేర్చుకునేవాళ్లు ఎక్కువ. పోటీల వార్తలు రాయాలంటే సంగతి తెలియాలి కదా అని నేనూ విల్లు పట్టుకుని రెండేళ్లు మైదానం చుట్టూ తిరిగాను. రాయడమూ తెలిసి, విల్లూ తెలిసిన మనిషి కావాలని సింగపూర్‌లో ఒక చిన్న ఆంగ్ల మాసపత్రికవాళ్లు వెతుకుతున్నారని స్నేహితుడొకరు చెబితే దరఖాస్తు పెట్టాను. ఆరుబయటి ఆటల పత్రిక అది. పడవలు, చేపలు పట్టడం, కొండలెక్కడం, విలువిద్య. ఆఫీసు ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో. కింద లేత్ మిషన్లు తిరిగే షెడ్డు, పైన మేం నలుగురం.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో సలహాలు చెప్పే పనిలోకి దిగుతున్నవాళ్లు కొందరు నన్ను కలుస్తుంటారు. ఎంత పొడుగు రాయాలి, ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతారు. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. నేను కూడా ఆ వయసులో అడగలేదు.

ఉత్తరాలు

సింగపూర్‌లో వేట లేదు, చట్టం ఒప్పుకోదు. విల్లు కొన్నవాడు మైదానంలో నిలబడి కాగితం మీద కొట్టుకోవాల్సిందే. అయినా వేట గురించిన ప్రశ్నలే మాకు ఎక్కువ వచ్చేవి. ఆస్ట్రేలియాలో కొన్నిచోట్ల అడవిపాలైన మేకలు గడ్డినీ నేలనూ పాడుచేస్తాయని, భూమి యజమాని అనుమతి ఉంటే వాటిని విల్లుతో వేటాడనిస్తారు. మా పాఠకులు సెలవు పెట్టుకుని అక్కడికి విమానమెక్కేవాళ్లు.

ఐటీ ఊపందుకున్న రోజుల్లో ఈ ప్రశ్నలు ఉత్తరాల నుంచి ఈమెయిళ్లకు మారాయి. అడిగేవాళ్లూ మారారు. అంతకుముందు అడిగినవాళ్లు ఏళ్ల తరబడి విల్లు పట్టినవాళ్లు. ఇప్పుడు అడుగుతున్నవాళ్లు ఆర్నెల్ల కిందట విల్లు కొన్నవాళ్లు. చాలా మెయిళ్ల సారాంశం ఒకటే: "మూడు వారాల్లో వెళ్తున్నాను. ఇంతవరకు వేటాడలేదు. జంతువు బాధపడకుండా ఎలా కొట్టాలో చెప్పండి."

ఆ చివరి వాక్యం లేని మెయిలు దాదాపు లేదు. అడిగినవాళ్లు క్రూరులు కారు, మంచివాళ్లు. మంచివాళ్లు కాకపోతే జవాబివ్వకుండా పక్కన పెట్టడం నాకు తేలికయ్యేది.

టాన్‌ది ఒకే మాట. "రాయకు. మూడు వారాల్లో వెళ్లేవాడికి ఏం నేర్పుతావ్? కెనాట్ లా." కుదరదనడానికి సింగపూర్‌వాళ్లు వాడే మాట అది.

"మనం చెప్పకపోయినా వెళ్తాడు కదా."

"వెళ్లనీ. తెలియదని తెలిసి వెళ్తాడు, భయంభయంగా ఉంటాడు. నువ్వు రాశావంటే తెలుసనుకుని వెళ్తాడు."

అది బాధ్యత తప్పించుకోవడానికి వ్యాపారి చెప్పే మాట అనుకున్నాను. దినపత్రికలో నాకు నేర్పింది వేరు. పాఠకుడు అడిగాడంటే జవాబు బాకీ ఉన్నట్టే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఎవరైనా అడిగితే నాకు గర్వంగా ఉండేది. నెలకు ఇన్ని దేశాల నుంచి ఇంతమంది నన్ను అడుగుతున్నారంటే, నాకు చాలా తెలుసని నాకే అనిపించేది.

ఆరు పేరాలు

ఒక నెల అలాంటి మెయిలు ఒకటి తీసుకుని పూర్తి జవాబు రాశాను. పంపిన అతని పేరు శ్రీకాంత్. తెలుగు పేరు కావడం వల్ల కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాను. ఇరవై మీటర్లు దాటితే విల్లెత్తొద్దు. జంతువు పక్కకు తిరిగి నిలబడినప్పుడే కొట్టాలి, ఎదురుగా ఉన్నప్పుడు కాదు. ముందుకాలికి కాస్త వెనక ఉన్న చోటికి గురిపెట్టాలి, అక్కడే గుండే ఊపిరితిత్తులూ ఉంటాయి. బాణం మొన బ్లేడులా పదునుగా ఉండాలి. మధ్యలో కొమ్మ అడ్డమున్నా, గాలి ఎక్కువున్నా, జంతువు కదులుతున్నా ఆగిపోవాలి. ఇలా ఎనిమిది పేరాలు వచ్చాయి.

పేజీ ముద్రణకు వెళ్లే రోజు మధ్యాహ్నం గుడారాల ప్రకటన ఒకటి వచ్చి పడింది. నాకు మిగిలింది ఆరు పేరాల చోటు. డెస్కులో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. వార్త రాసేటప్పుడు ముఖ్యమైనది పైన పెడతాం, తక్కువ ముఖ్యమైనవి వరసగా కిందికి వస్తాయి. చోటు చాలకపోతే కింద నుంచి కోస్తాం. చదివి చూసి కోసే తీరిక ఉండదు, చెయ్యి దానంతట అదే కిందికి పోతుంది. పన్నెండేళ్లు అలాగే కోశాను. ఆ రోజూ చివరి రెండు పేరాలు కోసి పేజీ పంపించాను. కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

శ్రీకాంత్

పత్రిక వచ్చిన వారానికి అతనే ఫోన్ చేశాడు.

"సార్, మీరు తెలుగువారా? పేరు చూసి అనుకున్నాను. మాది తెనాలి దగ్గర."

రెండో నిమిషానికి సార్ పోయి అంకుల్ అయ్యాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. క్లెమెంటిలో ఇద్దరు రీసెర్చ్ విద్యార్థులతో కలిసి గది అద్దెకు తీసుకున్నాడు. శనివారం నేను వెళ్లే మైదానానికే వస్తానంటే రమ్మన్నాను.

మనిషి పొడుగు, నెమ్మది. చేతిలో రెండు చివర్లా చక్రాలుండే కాంపౌండ్ విల్లు. ఇరవై మీటర్ల దగ్గర బాణాలన్నీ ఒక పళ్లెంలో పట్టేంత దగ్గరగా దిగుతున్నాయి. కొట్టడమయ్యాక సంచిలోంచి కాగితాలు తీశాడు. ప్రతి శనివారం ఎన్ని బాణాలు వేశాడో, ఎన్ని లోపల పడ్డాయో కంప్యూటర్‌లో ఎక్కించి అచ్చు తీసుకున్నాడు.

"నైంటీ సిక్స్ పర్సెంట్ అంకుల్. మా ప్రాజెక్టులో ఈ నంబరొస్తే పార్టీ చేసుకుంటాం."

"బాగా కొడుతున్నావయ్యా," అన్నాను. అది నిజమే.

"ఇంతకీ వేటకెందుకు వెళ్తున్నావు?" అని అడిగాను.

"మా ఆస్ట్రేలియా క్లయింట్ మేనేజర్ పిలిచాడంకుల్. వాళ్ల మామగారి ఫార్మ్. రెండేళ్ల నుంచి ఫోన్లో మాట్లాడటమే తప్ప చూడలేదు నన్ను. ఇంటికి పిలవడం ఇదే మొదలు. విల్లు ప్రాక్టీస్ చేస్తానని ఎప్పుడో నేనే వాగాను. ఇప్పుడు నో అంటే బాగోదు."

అతను విల్లు పట్టి ఏడాది కాలేదు. కొండ మీద, ఎత్తుపల్లాల మీద ఎప్పుడూ కొట్టలేదు. బతికి ఉన్నదాని మీద ఎప్పుడూ గురిపెట్టలేదు. వెళ్లేది కూడా ఒకరి మాట కాదనలేక. ఇవన్నీ ఆ నిమిషంలోనే నాకు తెలుసు. వెళ్లొద్దని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? నేను మాత్రం అతని మోచెయ్యి కొంచెం పైకి లేస్తోందని చెప్పి, పట్టుకుని సరిచేశాను. అతను మళ్లీ కొట్టి చూసుకుని చాలా సంతోషించాడు.

తిరిగొచ్చాక

నెల తర్వాత మా ఆఫీసు దగ్గర, భోజనం కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో కలుద్దామన్నాడు. నేను వెళ్లేసరికి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, అక్కడి భాషలో చోటు 'చోప్' చేసి, అంటే మాకోసం ఆపి ఉంచి, పక్కన నిలబడి ఉన్నాడు. భోజనం తెచ్చుకున్నాం. అతను తినలేదు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన మా పత్రిక పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"ఇందులో ఉన్నవన్నీ చేశానంకుల్. పద్దెనిమిది మీటర్లు. పక్కకు తిరిగే ఉంది. గాలి లేదు. కొమ్మ అడ్డం లేదు. వదిలే టైముకి ఒక్క అడుగు ముందుకేసింది."

"వెనక తగిలిందా?"

"పొట్టలో. గెంతి పరిగెత్తింది. నేను వెంటనే వెంటపడ్డాను. వదిలేస్తే పాపం కదా అనుకున్నాను. తొందరగా వెళ్లి రెండో బాణం వేద్దామని. నన్ను చూసిన ప్రతిసారీ లేచి పరిగెత్తింది. మూడుసార్లు పడుకుంది, మూడుసార్లూ నేనే లేపాను. రాళ్ల మీదికెక్కాక రక్తం కూడా కనపడలేదు. మేనేజర్ వాళ్ల మామగారు వచ్చి చూసి ఒకటే అడిగాడు, ఎందుకు కూర్చోలేదు అని."

పేజీ మీద వేలు పెట్టాడు.

"కూర్చోవాలని నాకు తెలీదంకుల్. ఇందులో లేదు."

ఆ పేజీ నేనే రాసినా, మళ్లీ చదివాను. లేదు.

"మరుసటి రోజు మళ్లీ వెతికాం. దొరకలేదు," అన్నాడు. పేజీ తీసుకుని మళ్లీ కవరులో పెడుతూ, "మీకెప్పుడైనా ఇలా జరిగిందా అంకుల్? దెబ్బ తగిలాక పోగొట్టుకోవడం?" అని అడిగాడు.

"నేనెప్పుడూ వేటాడలేదు శ్రీకాంత్."

తలెత్తి నా వైపు చూశాడు. అందులో కోపం లేదు. కోపపడి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

నేను దాచిపెట్టిన సంగతి కాదది, ఎవరూ అడగలేదు, అంతే. అనుభవం ఉన్న వేటగాళ్లను పిలిచి మాట్లాడి నోటుపుస్తకాల్లో రాసుకున్నదాన్ని అందంగా పేర్చి జవాబులిచ్చేవాణ్ణి. విలేకరి పనే అది, అందులో తప్పులేదు. కానీ విలేకరి 'ఫలానావారు చెప్పారు' అని రాస్తాడు. నేను ఆ ముక్క తీసేసి 'ఇలా చేయండి' అని రాస్తూ వచ్చాను.

ఆఫీసుకు వచ్చి సొరుగంతా వెతికి ఆ జవాబు అసలు ప్రతి తీశాను. కోసిన పేరాలు రెండూ ఉన్నాయి. ఏడో పేరా: బాణం తగిలాక కదలొద్దు, ఉన్నచోటే కనీసం అరగంట కూర్చోండి, దెబ్బ పొట్టలో తగిలిందనిపిస్తే కొన్ని గంటలు వదిలేయండి, తరిమితే అది దూరం పోయి ఎక్కువసేపు బాధపడుతుంది. ఎనిమిదో పేరా ఒకే వాక్యం: పై మాటల్లో ఏ ఒక్కటైనా మీకు కొత్తగా అనిపిస్తే ఈసారికి వెళ్లకండి.

వార్తలో చివరి పేరా అంటే పాత సంగతులు, పోయినా ఎవరికీ నష్టం లేనివి. సలహాలో చివరికి వచ్చేది అలాంటిది కాదు. చెప్పడానికి ఇష్టంలేక మనం వెనక్కి నెట్టుకుంటూ పోయిన మాట అది. నేను దాన్ని ముందు కిందికి నెట్టాను, ఆ తర్వాత కిందున్నదని కోశాను.

సవరణ

రెండు ప్రతులూ టాన్ ముందు పెట్టి సవరణ వేయాలన్నాను. ఓపికగా చదివాడు.

"వేసినదాంట్లో ఒక్క తప్పు లేదు. సవరణ దేనికి?"

"వేయనిదానికి."

"వేయనిదానికి సవరణ ఏ పత్రికలో చూశావ్?"

చూడలేదన్నాను. వద్దంటాడనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. "రాయొద్దని చెప్పా. రాశావ్. ఇప్పుడు ఫుల్ పేజీ తీసుకుని సరిగ్గా రాయి. యాడ్ వస్తే నేను ఆపుతా."

ఆయన్ను వ్యాపారి అని చులకన చేసిన సంగతి పైన రాశాను. రెండు ఊళ్లలో కలిపి నాకు దొరికిన పై అధికారుల్లో సరైన సమయానికి చోటిచ్చింది ఆయనొక్కడే.

కోసిన పేరాలు శ్రీకాంత్‌కు చూపించకుండా కొత్తది రాయడం నాకు చేతకాలేదు. ఆదివారం మైదానానికి తీసుకెళ్లి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు.

"ఇది ముందే చదివుంటే ఆగేవాణ్ణా అని ఆలోచిస్తున్నానంకుల్."

"ఆగేవాడివా?"

"ఎనిమిదోది చదివి నవ్వుకుని వెళ్లేవాణ్ణి. ఏడోది చదివుంటే మాత్రం కూర్చునేవాణ్ణి."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ల మేనేజర్ మళ్లీ రమ్మన్నాడు. మూడు నెలలు టైముంది.

"ఈసారి సరిగ్గా చేసి రావాలంకుల్. లేకపోతే ఆ మూడుసార్లు లేవడం నా కళ్లలోంచి పోదు."

"వెళ్లొద్దు," అన్నాను. నోరు తెరిచి ఆ మాట నేననడం అదే మొదటిసారి.

"పోయినసారి మోచెయ్యి సరిచేశారు. ఈసారి వెళ్లొద్దంటున్నారు. నేనేది వినాలి చెప్పండి."

అతని శనివారాల లెక్కల కాగితాలు అడిగి తీసుకున్నాను. వెనక్కి తిప్పుతూ చూస్తుంటే ఒక విషయం కనపడింది. ప్రతి శనివారం లెక్క రెండో బాణంతో మొదలవుతోంది.

"మొదటిదేదయ్యా?"

"అది వార్మప్ కదా అంకుల్. ఎప్పుడూ పక్కకే పోతుంది. లెక్కలోకి తీసుకోలేదు."

చెప్పేశాక తనకే అర్థమై తల దించుకున్నాడు. వేటలో చాలాసార్లు ఆ మొదటి బాణం ఒక్కటే ఉంటుంది. పొద్దుటి నుంచి రాళ్ల మధ్య కూర్చుని, భుజాలు పట్టేసి, గుండె కొట్టుకుంటుంటే వదిలేది అది. అతని లెక్కలో లేనిదల్లా ఆ బాణమే.

కొత్త జవాబు ఇద్దరం కలిసి రాశాం. 'వెళ్లకండి' అన్న వాక్యాన్ని పైకి తెచ్చి మొదటి లైనుగా పెట్టాను. అతను ఒప్పుకోలేదు.

"పేజీ తిప్పేస్తానంకుల్ నేనైతే. అడిగినవాణ్ణి వద్దంటే, ఈయనకేం తెలుసంటాడు. టెస్ట్ కేసు ఇవ్వండి. ఫెయిలైతే ఎవడికి వాడే ఆగుతాడు."

అలా తయారైంది మా పరీక్ష. వరసగా పది ఆదివారాలు. బస్సు దిగి నేరుగా రావాలి, చేతులు సాగదీసుకోకూడదు. దూరం కొలవకూడదు, ఇంకొకరు ఎక్కడ నిలబడమంటే అక్కడి నుంచే. అన్నం తినే కాగితం పళ్లెం మీద ఒక్క బాణం. తగిలినా తగలకపోయినా విల్లు సర్దేసి ఇంటికి పోవాలి. పదికి పది తగిలితే మిగతా పేరాలు చదవండి అని రాశాం. ఏడో పేరా మొత్తం వేశాం. ఇవి ఎవరెవరు చెప్పిన మాటలో, నేను స్వయంగా వేటాడనివాణ్ణన్న సంగతితో సహా, పేజీ పైనే పెట్టాం. టాన్ మాట నిలబెట్టుకున్నాడు. ఆ నెల చివర్లో వచ్చిన ప్రకటన ఒకటి తర్వాతి సంచికకు పోయింది.

దానికి మెచ్చుకోళ్లేమీ రాలేదు. సాయం అడిగితే పరీక్ష పెడతారా అని విసుక్కున్న మెయిళ్లు కొన్ని వచ్చాయి. వాళ్లలో ఎవరు ఆగారో ఎవరు వెళ్లారో నాకు తెలియదు. ఈ పనిలో అది ఎప్పటికీ తెలియదు. చెప్పిన మాట ఎక్కడికి పోయి తగిలిందో చూసే అవకాశం నాకు దొరికింది ఒక్క శ్రీకాంత్ విషయంలోనే.

బాణం ఎక్కుపెట్టినవాడికైనా సలహా రాసేవాడికైనా తొలి పరీక్ష తెలివికి కాదు, ఆగగలమా లేదా అన్నదానికి పెట్టేది అనుకుంటాను. నిజంగా సిద్ధంగా లేనివాడికి ఏం చెప్పాలి అని అడిగితే, ఇప్పుడు నేను చెప్పేది ఇంతే. చెప్పండి. కానీ అతను సిద్ధంగా లేడన్న సంగతి అతనికే కనపడేలా చెప్పండి. అలా చెప్పడం చేతకాని రోజున టాన్ మాట వినండి, రాయకండి.

ఏడో ఆదివారం

పరీక్ష మొదట రాసింది శ్రీకాంతే. ప్రతి ఆదివారం క్లెమెంటి నుంచి రైలెక్కి, బస్సు మారి వచ్చేవాడు. నేను ఒక్కోసారి గట్టు మీద నిలబెట్టేవాణ్ణి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్క బాణం వేసి వెళ్లిపోయేవాడు. ఒక్క బాణం కోసం గంటన్నర ప్రయాణమేంటని వాళ్ల గదిలోవాళ్లు ఆటపట్టిస్తున్నారని చెప్పాడు. ఆరు వారాలు ఆరూ పళ్లెంలోనే పడ్డాయి. ఆరోదాని తర్వాత విమానం టికెట్ల మాటెత్తాడు.

ఏడో ఆదివారం వాన వెలిసి నేలంతా తడిగా ఉంది. వాలుగా ఉన్న చోట నిలబెట్టాను. విల్లు లాగాడు, నేననుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టి ఉంచాడు, వదిలాడు. పళ్లెం అంచుకు నాలుగు వేళ్ల ఎడంగా, పక్కకు దిగింది. అది మేకయితే మళ్లీ పొట్టలోనే తగిలేదని ఇద్దరికీ తెలుసు.

అతని చెయ్యి నడుము దగ్గరి అమ్ములపొదిలోకి పోయి ఇంకో బాణం సగం బయటికి తీసింది.

"కాలు జారిందంకుల్. ఇంకొక్కటి వేయనా?"

కాలు నిజంగానే జారింది, నేనూ చూశాను. సరే అనడం నాకు తేలిక. వద్దనడం కూడా అప్పటికి తేలికైపోయింది. రెండూ అనలేదు. పళ్లెం వైపు చూస్తూ నిలబడ్డాను. అతనూ అటే చూశాడు.

బాణం పొదిలో తిరిగి పెట్టేసిన చప్పుడు వినపడింది. విల్లు పెట్టెలో సర్ది, గొళ్లెం వేసి, గట్టు మీద కూర్చుని మేనేజర్‌కు ఫోన్ చేశాడు. వస్తానని చెప్పాడు. విల్లు తేవడం లేదన్నాడు. అవతల ఎందుకని అడిగినట్టున్నారు.

"నాట్ రెడీ యెట్," అన్నాడు. రెండేళ్లుగా ఏ మనిషికి నో అనలేకపోయాడో, ఆ మనిషితోనే.